ఖైదీ నేర్చిన పనికి జైలు గేటు బయట దారి కావాలి

సంపాదకుల వారికి,

ఆర్యా,

జైళ్లలో వృత్తి శిక్షణ పూర్తిచేసిన ఖైదీలకు అధికారులు ధ్రువపత్రాలు అందజేస్తున్న ఫోటోలు పత్రికల జిల్లా పేజీల్లో అప్పుడప్పుడూ వస్తుంటాయి. అటువంటి వార్త కనిపించినప్పుడల్లా నాకు సంతోషమే. ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ విభాగం శిక్షకుడిగా పనిచేసి పదవీ విరమణ చేసిన నేను, గోదావరి డెల్టాలోని ఒక కారాగారంలో కొన్నేళ్లుగా మోటారు వైండింగ్ నేర్పుతున్నాను. అయితే ఆ ఫోటో తీసిన తర్వాత ఆ ధ్రువపత్రం ఎవరి చేతికి వెళుతుంది, దాన్ని పట్టుకుని విడుదలైన మనిషికి పని ఎవరిస్తారు అన్న విషయం మీద మన జిల్లాల్లో చర్చ జరగడం లేదు. విడుదలైన తర్వాతి మొదటి ఆరు నెలలకు ఏర్పాటు లేకుండా లోపల ఎంత శ్రద్ధగా నేర్పినా ఆ శ్రమలో సగం వృథా అవుతుందని అనుభవం మీద చెబుతున్నాను.

నేను నేర్పే పని ఏమిటో ముందు వివరిస్తాను. కాలిపోయిన మోటారులోంచి పాత రాగి చుట్టలను తీసి, స్టేటర్‌ను, అంటే మోటారులో తిరగని భాగాన్ని, శుభ్రం చేసి, దాని స్లాట్లలో (గాడుల్లో) ఇన్సులేషన్ కాగితం పరిచి, అదే గేజి తీగతో అన్నే చుట్లతో కొత్త కాయిళ్లు చుట్టి, వాటిని వరుస తప్పకుండా స్లాట్లలో దించి, కనెక్షన్లు కలిపి, వార్నిష్ పట్టించి ఆరబెట్టి, ఇన్సులేషన్ గట్టిగా ఉందో లేదో చూపే మెగ్గర్‌తో పరీక్షించి నడిపించడం ఈ పని. డెల్టాలో దీనికి ఉన్న గిరాకీ సామాన్యమైనది కాదు. పొలాల మోటార్లు, రైసు మిల్లులు, పంచాయతీ మంచినీటి పథకాలు, ఇళ్ల మీది ట్యాంకులకు నీళ్లెక్కించే చిన్న మోటార్లు ఎప్పటినుంచో ఉన్నవే. 2009 తర్వాత వనామి రొయ్య వచ్చాక భీమవరం, ఉండి, ఆకివీడు మొదలుకొని అమలాపురం ఆవల తీరప్రాంతం దాకా చెరువుల్లో నీటికి గాలి కలిపే ఏరియేటర్లు రాత్రింబవళ్లు తిరుగుతున్నాయి. ఉప్పు గాలికీ తేమకూ వాటి మోటార్లు తొందరగా పాడవుతాయి. మూడు ఫేజుల్లో ఒకటి పోయిన సంగతి గమనించకుండా నడిపితే మోటారు కాలిపోతుంది. నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గిపోయే తెల్లవారుజామున ఏరియేటరు ఆగిపోతే రైతు పెట్టుబడి మొత్తం ఆ ఒక్క పూటలో పోవచ్చు. అందుకే మంచి అదనులో వైండింగ్ షాపుల ముందు మోటార్లు గుట్టలుగా పడి ఉంటాయి. పని తెలిసిన మనిషి మాత్రం దొరకడు.

ఇటువంటి విద్యను ఖైదీలు నేర్చుకోగలరా అని చాలామంది నన్ను అడుగుతుంటారు. నేర్చుకోగలరు, బాగా నేర్చుకుంటున్నారు. ప్రాథమిక పాఠశాల దాటని ఒక వ్యవసాయ కూలీ, నలభై ఏళ్లు దాటిన తర్వాత, నా దగ్గర భాగహారం నేర్చుకున్నాడు. పలక మీద లెక్కలు రాసి ఇచ్చి ఉంటే నేర్చుకునేవాడు కాదేమో. 36 స్లాట్ల స్టేటర్‌ను ఎదురుగా పెట్టి, ఇది నాలుగు పోల్స్ (అయస్కాంత ధ్రువాల) మోటారు కాబట్టి ఒక్కో పోల్‌కు ఎన్ని స్లాట్లు వస్తాయో వేలితో లెక్కపెట్టి చెప్పమన్నప్పుడు తొమ్మిది అన్నాడు. మూడు ఫేజులకు ఆ తొమ్మిదిని పంచితే ఒక్కోదానికి మూడని తనంతట తానే చెప్పాడు. ఆ తర్వాత 24 స్లాట్ల మోటారు ఇస్తే నన్ను అడగకుండానే లెక్క కట్టుకున్నాడు. పాత కాయిల్‌ను తెంపేముందు చుట్లు లెక్కపెట్టి, ఏ స్లాటులోంచి ఏ స్లాటులోకి వెళ్లిందో కాగితం మీద గీసుకోవాలని, ఆ కాగితం లేకుండా ఒక్క తీగ కూడా కోయకూడదని చెబుతాను. ఐటీఐలో చదువుకుంటున్న కుర్రవాళ్లలో చాలామంది ఈ నియమాన్ని విసుక్కునేవారు. జైలులో నేర్చుకునేవారు దీన్ని ఎక్కువ నిష్ఠతో పాటించడం నేను చూశాను. వారికి సమయం ఎక్కువ ఉండడం ఒక కారణం కావచ్చు. ఒక పని తన చేతిలో మొదటినుంచి చివరిదాకా సరిగా పూర్తి కావడం వారిలో కొందరి జీవితంలో అదే మొదటిసారి కావడం అసలు కారణమని నేను నమ్ముతున్నాను.

లోపలి ఇబ్బందులు లోపల ఉన్నాయి. 1894 నాటి కారాగారాల చట్టం కఠిన శిక్ష పడిన ఖైదీ చేత రోజుకు 9 గంటలకు మించి పని చేయించరాదని చెబుతుంది గాని, శిక్షణకు ఆ 9 గంటల్లో నాలుగో వంతు దక్కినా గొప్పే. ఉదయం లెక్క, సాయంత్రం లాకప్, మధ్యలో ములాఖత్‌లు, కోర్టు వాయిదాలు, ఆసుపత్రి పరీక్షలు. కటింగ్ ప్లేయరు, కత్తెర, స్క్రూడ్రైవరు వంటి ప్రతి పనిముట్టునూ రిజిస్టరులో రాసి ఇవ్వాలి. ఒక్కటి తక్కువైనా షెడ్డులోంచి ఎవరూ కదలకూడదు. ఈ నియమం న్యాయమైనదే, దాన్ని సడలించమని నేను కోరడం లేదు. నేను కోరేది ముడిసరుకు గురించి. కొత్త రాగి తీగ కొనుగోలుకు అనుమతులు వచ్చేసరికి ఒక బృందం శిక్షణ ముగిసిపోతుంది. ఈలోగా చుట్టిన తీగనే విప్పి మళ్లీ చుట్టిస్తాం. రెండు మూడుసార్లు వంగిన తీగ మీద ఇన్సులేషన్‌గా ఉండే ఎనామిల్ పూత పగులుతుంది, అటువంటి తీగతో చుట్టిన మోటారుకు కరెంటు ఇవ్వలేము. కాబట్టి నేర్చుకున్నవారిలో చాలామంది తాము చుట్టిన మోటారు తిరగడం కళ్లారా చూడకుండానే ధ్రువపత్రం అందుకుంటున్నారు. మోటారు మొదటిసారి తిరిగినప్పుడు దాని చప్పుడు విని బేరింగు పోయిందో, ఫేజు తప్పిందో చెప్పగలగడం ఈ వృత్తిలో సగం విద్య. ఆ సగం వారికి అందడం లేదు.

ఇక గేటు బయటి సంగతి. నా దగ్గర పని నేర్చుకుని విడుదలైన ఒక యువకుడు డెల్టాలోని ఒక పట్టణంలో వైండింగ్ షాపుకు వెళ్లి పని అడిగాడు. యజమాని ఒక చిన్న మోటారు ఇచ్చి చుట్టమన్నాడు, చుట్టాడు, బాగుందన్నాడు. ధ్రువపత్రం ఉందా అని అడిగితే చూపించాడు. దాని మీద శిక్షణ కేంద్రం చిరునామాగా కారాగారం పేరు ఉంది. యజమాని దాన్ని మడిచి తిరిగి ఇచ్చేశాడు. ఆ యజమానిని నేను నిందించను. రాత్రిపూట లక్షల విలువ చేసే రాగి ఉండే షాపు అది, భయపడే హక్కు ఆయనకు ఉంది. కాని అంతకు అరగంట ముందు చూసిన పనితనం ఆ ఒక్క చిరునామాతో చెల్లకుండా పోయింది. మరొకతను పని సంపాదించుకున్నాడు గాని, ఆ వీధిలో ఎక్కడో దొంగతనం జరిగిందని విచారణకు వచ్చినవారు అందరిముందూ షాపులోనే అతన్ని ప్రశ్నించడంతో వారం తిరగకుండా మానేయవలసి వచ్చింది. ఆ దొంగతనంతో అతనికి సంబంధం లేదని తర్వాత తేలింది, పని మాత్రం తిరిగి రాలేదు. విచారణ పోలీసుల విధి. అది ఇంటి దగ్గరో స్టేషనులోనో జరిపితే విధికి వచ్చే లోటు ఏమీ లేదు.

ధ్రువపత్రం విషయంలో పరిష్కారం చాలా తేలిక. జైలు షెడ్డును దగ్గరలోని ప్రభుత్వ ఐటీఐకి అనుబంధ కేంద్రంగా చూపి, పరీక్ష ఆ ఐటీఐ అధ్యాపకుల చేతనే పెట్టించి, పత్రం ఆ సంస్థ పేరుతో, కారాగారం ప్రస్తావన లేకుండా ఇవ్వాలి. ఇందులో దాపరికం లేదు. ఆ మనిషి గతాన్ని చెప్పడానికి కోర్టు తీర్పు ఉంది, పోలీసు రికార్డు ఉంది. పనితనాన్ని చెప్పవలసిన కాగితం పనితనాన్ని మాత్రమే చెబితే చాలు.

"నేరం చేయని నిరుద్యోగులు లక్షల్లో ఉండగా నేరం చేసినవారికి ఉచిత శిక్షణ ఎందుకు?" అన్న ప్రశ్న నా బంధువుల ఇళ్లలో కూడా ఎదురవుతుంది. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది కాబట్టి దాటవేయను. బయటి యువతకు నైపుణ్య శిక్షణ కేంద్రాలు ఇంకా కావాలి, వాటిలో బోధన ఇంకా మెరుగుపడాలి. అయితే శిక్ష పడినవారిలో కొద్దిమంది తప్ప అందరూ ఏదో ఒక రోజు మన ఊళ్లకే, మన పక్క వీధికే తిరిగి వస్తారు. చేతిలో పని ఉన్న మనిషి వస్తాడా, పని లేని మనిషి వస్తాడా అన్నది మాత్రమే మనం నిర్ణయించగలిగింది. నష్టపోయినవారి మాటకొస్తే, ఖైదీల శ్రమకు తగిన వేతనం ఇవ్వాలని, అందులో కొంత భాగాన్ని నేరబాధితులకు పరిహారంగా కేటాయించేలా రాష్ట్రాలు చట్టం చేయడాన్ని పరిశీలించాలని 1998లో సుప్రీంకోర్టు గుజరాత్ కేసులో చెప్పింది. ఖైదీ విలువైన పని చేస్తేనే విలువైన వేతనం, అది ఉంటేనే బాధితుడికి చెప్పుకోదగ్గ వాటా. ఫినాయిల్ సీసాలు నింపేవాడి వేతనంలోంచి ఒక బాధిత కుటుంబానికి ఎంత పరిహారం వస్తుంది?

ఇంతకన్నా పెద్ద లోటు రిమాండు ఖైదీల విషయంలో ఉంది. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 సంవత్సరానికి ఇచ్చిన లెక్కల ప్రకారం దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది, అంటే నలుగురిలో ముగ్గురు, విచారణ పూర్తికానివారే. వారిపై నేరం రుజువు కాలేదు కాబట్టి వారిచేత పని చేయించే అధికారం జైలుకు లేదు, ఉండకూడదు కూడా. కాని పని చేయించరాదన్న నియమం నేర్పించరాదన్న నియమంగా మారిపోయింది. భీమవరం, తణుకు, నరసాపురం వంటి పట్టణాల సబ్ జైళ్లలో ఉండేది ఎక్కువగా ఇటువంటివారే. బెయిలు ఎప్పుడు వస్తుందో తెలియదు గనుక ఆరు నెలల కోర్సులో వారిని చేర్చుకోరు. బెయిలు రానివారు మాత్రం నెలల తరబడి గోడకు చేరగిలబడి కూర్చుంటారు. ఆ వయసు కుర్రవాళ్లు ఖాళీగా కూర్చుని ఎవరి దగ్గర ఏం నేర్చుకుంటారో నేను చెప్పనవసరం లేదు.

వారికి కావలసింది రెండు వారాల్లో ముగిసే చిన్న చిన్న పాఠాలు. సీలింగ్ ఫ్యాను విప్పి బేరింగులు, కండెన్సరు మార్చడం ఒకటి. స్టార్టరు మరమ్మతు ఒకటి. మిక్సీ మోటారు ఒకటి. ఇంటి వైరింగులో ఎర్తింగ్ సరిచూడడం మరొకటి. ఒక్కోదానికి ఒక్కో పత్రం ఇచ్చి, మధ్యలో బెయిలు వచ్చినవారు మిగిలిన పాఠాలను తమ ఊరికి దగ్గరలోని ఐటీఐలో పూర్తిచేసుకునే వీలు కల్పించాలి. వారు ఇష్టపడి చేరితేనే చేర్చుకోవాలి. పాత కారాగారాల చట్టం స్థానంలో రాష్ట్రాలు తెచ్చుకోవడానికి 2023లో కేంద్రం పంపిన నమూనా చట్టం నైపుణ్య శిక్షణకూ, విడుదల తర్వాతి పునరావాసానికీ చోటిచ్చింది. మన రాష్ట్రం ఆ మేరకు నిబంధనలు రాసుకునేటప్పుడు సబ్ జైళ్లను మరవకూడదని నా విన్నపం.

ఎవరికి ఏ పని నేర్పాలన్న విషయంలోనూ పాత అలవాట్లు పోవాలి. జైలు మాన్యువళ్లలో కులాన్ని బట్టి వంట ఒకరికి, ఊడ్చే పని మరొకరికి అప్పగించే నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నిబంధన పుస్తకంలోంచి పోయినా మనసుల్లోంచి పోవడానికి సమయం పడుతుంది; తండ్రి చేసిన పనే కొడుకుకు అప్పగించడం సౌకర్యంగా తోస్తుంది. శిక్షకుడు ఇక్కడే పట్టుదలగా ఉండాలి. నా షెడ్డులో చేరడానికి నేను చూసేది కంటిచూపు, వేళ్ల కదలిక, కూర్చోగల ఓపిక, అంతే. మహిళా ఖైదీలకు ఎక్కడైనా మొదట కుట్టుపనీ అల్లికలూ చూపిస్తారు. నరసాపురం లేసుకు పేరున్న ప్రాంతంలో అల్లికలను తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. అయితే లేసు అల్లిన చేతికి ముట్టేది ఎంత తక్కువో ఆ గ్రామాల ఆడవారిని అడిగితే తెలుస్తుంది. సన్నని తీగతో చేసే ఫ్యాను, మిక్సీ మోటార్ల వైండింగుకు అల్లిక తెలిసిన వేళ్లకన్నా తగినవి ఉండవు. ఆ అవకాశం వారికి ఇవ్వాలి.

వృత్తుల ఎంపిక గురించి ఒక మాట. 19వ శతాబ్దం నుంచి కేంద్ర కారాగారం ఉన్న రాజమహేంద్రవరం చుట్టుపక్కల ఏ పనులకు కూలి దొరుకుతుందో అందరికీ తెలుసు. కడియం నర్సరీల్లో అంట్లు కట్టేవారు కావాలి. కోనసీమలో కొబ్బరి పీచు యంత్రాలు నడిపేవారు, వాటిని బాగుచేసేవారు కావాలి. రేవుల్లో పడవ ఇంజన్ల మెకానిక్కులు కావాలి. జైలులో నేర్పే పని ఈ జాబితాలోంచి రావాలి గాని, ఎక్కడో రాజధానిలో తయారైన జాబితాలోంచి కాదు. కొవ్వొత్తులు, అగరుబత్తుల తయారీ నేర్పడం సులభం, ఫోటోలకు బాగుంటుంది. వాటితో డెల్టాలో ఇల్లు గడుపుకుంటున్న విడుదలైన ఖైదీని నేను ఇంతవరకు చూడలేదు.

పని వచ్చినా పనిముట్లు లేకపోతే ఏం లాభం? 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 సంప్రదాయ వృత్తులవారికి పనిముట్ల కోసం రూ.15,000 వరకు సాయం, శిక్షణ రోజుల్లో రూ.500 చొప్పున భృతి ఉన్నాయి. వడ్రంగి, తాపీమేస్త్రి, దర్జీ, కొబ్బరి పీచు అల్లేవారు, చేపల వలలు అల్లేవారు ఆ జాబితాలో ఉన్నారు. ఈ వృత్తులు తెలిసి విడుదలయ్యేవారి దరఖాస్తులను లోపల ఉండగానే పూర్తిచేయించి పంపవచ్చు. మోటారు వైండింగ్ ఆ జాబితాలో లేదు. దీనికి రాష్ట్రమే అటువంటి ఏర్పాటు చేయాలి. చేత్తో తిప్పే వైండింగ్ మిషను, మెగ్గరు, తీగలో పారే కరెంటును కొలిచే టాంగ్ టెస్టరు, బేరింగ్ పుల్లరు ఉంటే ఒక మనిషి ఇంటి వరండాలో పని మొదలుపెట్టగలడు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు, రేషన్ కార్డులో పేరు సరిగా ఉన్నాయో లేదో విడుదలకు ముందే చూడడం కూడా అంతే ముఖ్యం. శిక్షాకాలంలో కూడబెట్టుకున్న వేతనాన్ని తీసుకోవడానికి ఖాతా పనిచేయక, మొదటి నెలలోనే వడ్డీకి అప్పు చేసినవారు ఉన్నారు.

చివరిగా, ముడిసరుకు, వేతనం, అనుభవం అన్నిటికీ కలిపి పనికొచ్చే ఒక సూచన చేస్తున్నాను. మన జిల్లాల్లో పంచాయతీల మంచినీటి మోటార్లు, ఎత్తిపోతల పథకాల మోటార్లు, ప్రభుత్వ హాస్టళ్లు, ఆసుపత్రుల పంపులు ఏడాది పొడవునా కాలుతూనే ఉంటాయి. వాటిలో పది హార్స్‌పవర్ లోపు మోటార్ల మరమ్మతును కారాగారాల షెడ్లకు అప్పగించండి. రాగి ఖర్చు ఆయా శాఖలే భరిస్తాయి కాబట్టి కొనుగోలు అనుమతుల కోసం శిక్షణ ఆగదు. నేర్చుకునేవాడి చేతికి నిజమైన మోటారు వస్తుంది. అది తిరిగి వెళ్లి ఊరికి నీళ్లిస్తుంది. జైళ్ల శాఖ నడుపుతున్న పెట్రోలు బంకుల్లో ఖైదీల చేత పెట్రోలు పోయించుకోవడానికి జనం వెనుకాడడం లేదు. వారు చుట్టిన మోటారును నమ్మడానికి కూడా వెనుకాడరు. అప్పగించిన ప్రతి మోటారుకు ఆరు నెలల హామీ ఇవ్వవచ్చని, ఆ హామీ నిలబడుతుందని శిక్షకుడిగా చెప్పగలను.

భీమవరం, పాలకొల్లు, అమలాపురం, రావులపాలెం వైండింగ్ షాపుల యజమానులకు కూడా ఈ లేఖ ద్వారా ఒక అభ్యర్థన చేస్తున్నాను. విడుదలకు దగ్గరపడినవారి పనితనాన్ని పరీక్షించడానికి అధికారుల అనుమతితో ఒక పూట మా షెడ్డుకు రండి. మీ షాపులో కాలిన మోటారునే వెంట తెచ్చి, మీ ఎదురుగా విప్పించి, చుట్టించి, మెగ్గరు మీరే పట్టి చూడండి. నచ్చినవారిని రెండు నెలలు పరీక్షగా పెట్టుకోండి. ఆ రెండు నెలలూ వారంవారం మీ షాపుకు వచ్చి పని చూసి వెళ్లే బాధ్యత నేను తీసుకుంటాను.

ఇట్లు,
విశ్రాంత ఐటీఐ శిక్షకుడు,
తూర్పు గోదావరి జిల్లా